పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఎలా తెచ్చుకోవాలి: ఆసుపత్రి చీటీ నుంచి డబ్బు చేతికొచ్చే దాకా

2016లో మా అన్నయ్య ఒక రైసుమిల్లులో హమాలీగా పనిచేసేవాడు. ఒక సాయంత్రం ఎలివేటర్ బెల్టులో చిక్కుకున్న గోనెపట్టా ముక్క తీయబోతే కుడిచేతి రెండు వేళ్లు తెగిపోయాయి. సూపర్‌వైజర్ తన కారులోనే దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బిల్లు కూడా మిల్లువాళ్లే కట్టారు. మంచివాళ్లే అనుకున్నాం. నాలుగో రోజు ఇంటికొచ్చాక డిశ్చార్జి కాగితం చూశాను. గాయం ఎలా అయింది అనే చోట ఒకే ఒక్క లైను ఉంది: ఇంటి దగ్గర గడ్డి కత్తిరించే మిషన్‌లో పడి. మా ఇంట్లో గేదె కూడా లేదు.

ఆ ఒక్క లైనును అబద్ధమని నిరూపించడానికి మాకు మూడేళ్లు పట్టింది. ఆ తర్వాత మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి పనిలో దెబ్బ తగిలినా నా దగ్గరికి రావడం మొదలైంది. నేను లాయర్ని కాదు. కానీ లేబర్ ఆఫీసు బెంచీల మీద కూర్చుని నేర్చుకున్నదంతా వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం: ఇది దయ కాదు

పని చేస్తుండగా, ఆ పని వల్ల ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇచ్చి తీరాలని మన దేశంలో 1923 నుంచే చట్టం ఉంది. యజమాని తప్పు ఉందా లేదా అన్నది ఇందులో ప్రశ్నే కాదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్ఐ (కార్మికులకు వైద్యం, డబ్బు ఇచ్చే ప్రభుత్వ బీమా) చట్టం రెండూ ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టంలో కలిశాయి. ఈ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది. పరిహారం కేసులు తేల్చే అధికారిని పాత చట్టంలో 'కమిషనర్' అనేవారు, ఆయన్నే కోడ్‌లో 'కాంపిటెంట్ అథారిటీ' అంటున్నారు. నేను కింద కమిషనర్ అనే రాస్తాను, ఆఫీసుల్లో ఇంకా అందరూ అనే మాట అదే.

'నేను పర్మనెంట్ కాదు కదా, రోజుకూలీని' అని చాలామంది ముందే వెనక్కి తగ్గుతారు. తగ్గక్కర్లేదు. తాత్కాలికంగా పెట్టుకున్న కూలీ అనే కారణంతో పక్కన పెట్టే మినహాయింపును 2000లో చేసిన సవరణలోనే తీసేశారు. అపాయింట్‌మెంట్ లెటర్ లేకపోయినా, మేస్త్రీ చేతిమీదుగా కూలి తీసుకున్నా హక్కు మీదే.

మొదటి గంట: ఆసుపత్రిలో ఏం చెప్పాలి

ఈ మొత్తంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది దీని గురించే. కేజువాల్టీలో డాక్టరో నర్సో 'ఎలా తగిలింది?' అని అడుగుతారు. అప్పుడు చెప్పే మాటే రికార్డులోకి ఎక్కుతుంది. రేపు కమిషనర్ ముందు, ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు చేతిలో మొదట కనిపించే కాగితం అదే.

కాబట్టి దెబ్బ తగిలిన మనిషి స్పృహలో ఉంటే తనే చెప్పాలి. లేకపోతే వెంట వెళ్లిన తోటి కూలీ చెప్పాలి. ఎక్కడ, ఏ పని చేస్తుంటే, ఎన్ని గంటలకు, ఏ మిషన్ దగ్గర, ఎవరి దగ్గర పనిచేస్తుండగా అన్నవి చెప్పాలి. 'ఎమ్మెల్సీ రాయండి' అని అడగాలి. ఎమ్మెల్సీ అంటే మెడికో లీగల్ కేసు. అది రాస్తే ఆసుపత్రి నుంచి పోలీసు స్టేషన్‌కి కబురు వెళ్తుంది. 'కేసులెందుకు, ఇంట్లో జారిపడ్డాడని రాయిస్తే పని తొందరగా అవుతుంది' అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అలా రాయిస్తే తొందరగా అయ్యేది వాళ్ల పని, మీ పని కాదు.

వీలైతే మొదట ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దగ్గర్లో ఏది ఉంటే అదే, అందులో సందేహం లేదు. తప్పుగా రాశారని తర్వాత తెలిస్తే, తెలిసిన రోజే ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. మేం ఆ పని చేసింది నలభై రోజుల తర్వాత. 'అన్నాళ్లు ఏం చేశారు?' అని అవతలి లాయరు అడిగితే మా దగ్గర సరైన జవాబు లేదు.

ఈఎస్ఐ ఉందా లేదా తేల్చుకోండి

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ఫ్యాక్టరీ, షాపు, హోటలు లాంటి చోట నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతం చీటీలో 0.75 శాతం కోత కనిపిస్తే మీకు ఈఎస్ఐ ఉన్నట్టే. యజమాని తన వంతు 3.25 శాతం కడతాడు.

ఈఎస్ఐ ఉంటే పరిహారం ఈఎస్ఐ నుంచే వస్తుంది. అప్పుడు యజమాని మీద విడిగా పరిహారం కేసు వేయడం కుదరదు. ఈఎస్ఐలో పని గాయానికి మంచి సదుపాయాలే ఉన్నాయి:

- కోలుకునే దాకా రోజు జీతంలో దాదాపు 90 శాతం చొప్పున డబ్బు.
- శాశ్వతంగా లోపం మిగిలితే మెడికల్ బోర్డు నిర్ణయించిన శాతాన్ని బట్టి జీవితాంతం నెలనెలా చెల్లింపు.
- మనిషి పోతే కుటుంబానికి నెలవారీ డబ్బు, అంత్యక్రియలకు 15,000.

జబ్బు చేసినప్పుడు ఇచ్చే డబ్బుకు ఇన్ని రోజుల చందా కట్టి ఉండాలనే షరతు ఉంటుంది. పని గాయానికి అలాంటిదేమీ లేదు. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. మీరు చేయాల్సిందల్లా ప్రమాద రిపోర్టు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు చేరిందో లేదో చూసుకోవడం. ఫారం 12 అంటారు దాన్ని. అది యజమాని పంపాలి. పంపకపోతే మీరే బ్రాంచి ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా తెలియజేయండి. ఈఎస్ఐ వర్తించే చోట యజమాని మీ పేరు నమోదు చేయకుండా ఎగ్గొట్టాడనుకోండి, అది మీ తప్పు కాదు. ఈఎస్ఐ నడిపే ప్రభుత్వ కార్పొరేషన్ మీకు ఇవ్వాల్సింది ఇచ్చి యజమాని దగ్గర రాబట్టుకునే వీలు చట్టంలోనే ఉంది.

ఈఎస్ఐ లేనివాళ్లకు, అంటే చాలామంది భవన నిర్మాణ కూలీలు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు, హమాలీలు, ట్రాక్టరు మీద పనిచేసేవాళ్లకు, రెండో దారి. ఇక్కడి నుంచి రాసేదంతా ఎక్కువగా వాళ్ల కోసమే.

మొదటి వారం: కాగితాలు పోగేయడం

ఒక ప్లాస్టిక్ కవరు కొని అన్నీ అందులో వేయండి. ఓపీ చీటీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆటోకి ఇచ్చిన డబ్బు రాసుకున్న చీటీ, అన్నీ. వైద్యానికి నిజంగా ఎంత ఖర్చయితే అంత యజమాని తిరిగి ఇవ్వాలని చట్టంలో ఉంది. దానికి పై పరిమితి లేదు. బిల్లు లేకపోతే మాత్రం నిరూపించలేరు.

అక్కడ పనిచేశానని చూపించే ఏ ముక్కయినా పనికొస్తుంది. హాజరు కార్డు, గేటు పాసు, ఫోన్‌పేలో మేస్త్రీ వేసిన కూలి, 'రేపు పొద్దున్నే సైటుకి రా' అని వచ్చిన వాట్సాప్ మెసేజ్, పని చోట దిగిన ఫోటో. ఫోన్ మార్చేముందు ఇవన్నీ ఇంకో ఫోన్‌కి పంపి పెట్టుకోండి. మా అన్నయ్య కేసును నిలబెట్టింది ఒక చిన్న నోటుపుస్తకం. హమాలీల ముఠా మేస్త్రీ రోజూ ఎవరు ఎన్ని బస్తాలు మోశారో పెన్సిల్‌తో రాసుకునేవాడు. ప్రమాదం జరిగిన రోజు మా అన్నయ్య పేరు ఎదురుగా 140 అని రాసి, దాని పక్కనే ఆసుపత్రి అని ఉంది.

సాక్షుల విషయంలో ఆలస్యం చేయకండి. తోటి కూలీలు ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లయితే పని అయిపోగానే వెళ్లిపోతారు. వాళ్ల ఊరు, ఫోన్ నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు కూడా రాసుకోండి.

నోటీసు ఇవ్వడం

యజమానికి వీలైనంత తొందరగా రాతపూర్వకంగా తెలియజేయాలి. పెద్ద భాష అక్కర్లేదు. పేరు, చిరునామా, ప్రమాదం జరిగిన తేదీ, చోటు, ఎలా జరిగింది, ఏం దెబ్బ తగిలింది, పరిహారం ఇప్పించమని కోరుతున్నాను, అంతే. చేతికిస్తే తీసుకోరు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు కవర్లో వేయండి. నోటీసు ఇవ్వకపోయినా, ప్రమాదం సంగతి యజమానికి తెలిసి ఉంటే దావా చెల్లుతుంది. అయినా ఇవ్వడమే మంచిది.

నోటీసు అందాక మూడు రోజుల్లోగా యజమాని తన ఖర్చుతో డాక్టరు పరీక్షకు పిలవవచ్చు. పిలిస్తే వెళ్లండి. వెళ్లకపోతే పరిహారం హక్కు అప్పటిదాకా ఆగిపోతుంది.

పెద్ద బిల్డరు కింద చిన్న కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ ఉంటే నోటీసు ముగ్గురికీ పంపండి. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన అసలు యజమాని కూడా పరిహారానికి బాధ్యుడే. తను కట్టిన డబ్బు కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవడం అతని సంగతి. మేస్త్రీ దగ్గర ఏముంటుంది? మన ఊరి మనిషే, మనలాగే కష్టపడేవాడు. అతన్ని ఒక్కణ్నే పట్టుకుంటే ఊళ్లో పగ మిగులుతుంది, డబ్బు రాదు.

ఎంత రావాలో మీరే లెక్క వేసుకోండి

లెక్క తెలియకపోతే ఎవరు ఎంత ఇస్తామన్నా ఎక్కువే అనిపిస్తుంది. అందుకే దీన్ని నెమ్మదిగా చూద్దాం.

మూడు అంకెలు కావాలి: నెల వేతనం, వయసు, నష్టం శాతం. వేతనం ఎంత ఉన్నా లెక్కకు తీసుకునేది 15,000 దాకానే. ఆ పరిమితిని కేంద్రం 2020 జనవరి 3న పెంచింది, అంతకు ముందు 8,000 ఉండేది. ఏ వయసుకు ఏ అంకెతో గుణించాలో చట్టంలో ఒక పట్టిక ఉంది. 25 ఏళ్లకు 216.91, 30కి 207.98, 35కి 197.06, 40కి 184.17, 50కి 153.09. వయసు తక్కువైతే ముందు పనిచేయాల్సిన ఏళ్లు ఎక్కువ కాబట్టి అంకె పెద్దది.

రోజుకు 700 కూలికి నెలలో 26 రోజులు పనిచేసే 35 ఏళ్ల తాపీ పనివాడిని తీసుకుందాం. నెలకు 18,200 అవుతుంది, లెక్కకు 15,000.

అతను చనిపోతే వేతనంలో సగం, అంటే 7,500ను 197.06తో గుణించాలి. 14,77,950 రూపాయలు. అంత్యక్రియలకు కోడ్ ప్రకారం 15,000కు తగ్గకుండా విడిగా ఇవ్వాలి.

ఇక ఏ పనీ చేయలేని స్థితి వస్తే వేతనంలో 60 శాతం, అంటే 9,000 ఇంటూ 197.06. 17,73,540.

కొంత నష్టమైతే ఆ పైమొత్తంలో శాతం. బొటనవేలు పోతే 30, చూపుడువేలు పూర్తిగా పోతే 14, ఒక చేతి రెండు వేళ్లు పోతే 20, చెయ్యి మణికట్టు దగ్గర పోతే 60 శాతం అని చట్టంలోని షెడ్యూలులో, అంటే గాయాల పట్టికలో, రాసి ఉంది. మన తాపీ పనివాడికి చెయ్యి పోతే 10,64,124 రావాలి. అవయవం తెగకపోయినా పూర్తిగా, శాశ్వతంగా పనికిరాకుండా పోతే తెగినట్టే లెక్క.

తాత్కాలికంగా పని ఆగిపోతే, ప్రతి పదిహేను రోజులకు నెల వేతనంలో 25 శాతం. 15,000 వేతనానికి 3,750. గరిష్ఠంగా అయిదేళ్ల దాకా. మూడు రోజుల్లోపు తగ్గిపోయే దెబ్బకు ఈ డబ్బు రాదు.

మా అన్నయ్య చేతిలో మిల్లువాళ్లు పెట్టింది 20,000. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు, అప్పటి పరిమితి 8,000. 4,800 ఇంటూ 184.17, అందులో 20 శాతం. 1,76,803. ఆ అంకె కాగితం మీద వేసి చూపించిన రోజు ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

శాతం దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. సదరం క్యాంపులో ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ శరీర లోపం ఎంతో చెబుతుంది. పరిహారానికి కావలసింది సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది. ఈ రెండూ ఒకటి కాదు. 1968లో ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి కిందపడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. షెడ్యూలులో ఒక చెయ్యికి వంద శాతం లేదు. కానీ ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం వంద శాతమేనన్న కమిషనర్ మాటను సుప్రీంకోర్టు 1975లో సమర్థించింది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అంటారు, మీ లాయరుకు చెప్పండి. పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజు నుంచే అని చెప్పింది కూడా ఈ తీర్పే. డాక్టరు సర్టిఫికెట్‌లో మీ వృత్తి రాయమని, ఆ వృత్తి ఇక చేయగలరో లేదో రాయమని తప్పకుండా అడగండి.

సంతకం చేయకండి

రెండో వారంలో పెద్దమనుషులు వస్తారు. స్టాంపు పేపరు తెస్తారు. 'యాభై వేలు ఇస్తాం, ఇక ఏ హక్కూ లేదని సంతకం పెట్టు' అంటారు. ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు యాభై వేలు చిన్న మొత్తం కాదు, ఆ టెన్షన్ నాకు తెలుసు. అయినా వినండి. పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాసిచ్చే ఒప్పందం చట్టం ముందు చెల్లదు. ఇప్పటికే సంతకం పెట్టినా, వేలిముద్ర వేసినా భయపడకండి, కేసు వేయవచ్చు.

మనిషి చనిపోయిన కేసులో పరిహారాన్ని యజమాని కమిషనర్ దగ్గరే జమ చేయాలి. భార్య చేతికో తండ్రి చేతికో నేరుగా ఇచ్చిన డబ్బు పరిహారం చెల్లించినట్టు కాదు. పెద్ద ప్రమాదాలు జరిగినప్పుడు టీవీలో ప్రకటించే ఎక్స్‌గ్రేషియా కూడా వేరు. అది తీసుకున్నంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదు.

'తాగి ఉన్నాడు', 'హెల్మెట్ పెట్టుకోలేదు' అంటారు. తాగి ఉండటం, స్పష్టంగా ఇచ్చిన భద్రతా ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం, ఈ వాదనలు మరణానికీ పూర్తి శాశ్వత వైకల్యానికీ చెల్లవు. మిగతా గాయాలకు చెల్లినా నిరూపించాల్సిన బాధ్యత యజమానిదే. అసలు హెల్మెటే ఇవ్వని సైటులో పెట్టుకోలేదని అనడానికి వీల్లేదు.

దరఖాస్తు ఎక్కడ, ఎప్పటిలోగా

ప్రమాదం లేదా మరణం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోగా. ఈ గడువు గోడ మీద రాసిపెట్టుకోండి. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఉంది కానీ దాని మీద ఆధారపడకండి.

మన రెండు రాష్ట్రాల్లో ఈ కేసులు కార్మిక శాఖ అధికారుల దగ్గర నడుస్తాయి. జిల్లా లేబర్ ఆఫీసులో అడిగితే మీ ప్రాంతానికి ఎవరో చెబుతారు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. మీరు ఉండే చోట కూడా వేయవచ్చు. ముంబైలోనో బెంగళూరులోనో దెబ్బ తగిలి ఊరికి తిరిగొచ్చిన పాలమూరు, శ్రీకాకుళం కూలీలకు ఇది చాలా పెద్ద ఆసరా, చాలామందికి తెలియదు.

దరఖాస్తులో యజమానితో పాటు ఇన్సూరెన్స్ కంపెనీని కూడా చేర్చండి. లారీ డ్రైవరు, క్లీనరు అయితే లారీ పాలసీ కాపీ సంపాదించండి. రోడ్డు ప్రమాదంలో వాళ్లు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కైనా వెళ్లవచ్చు, పరిహార కమిషనర్ దగ్గరికైనా వెళ్లవచ్చు. రెండిట్లో ఒక్కటే. అవతలి బండిదే తప్పయితే ట్రిబ్యునల్‌లో ఎక్కువ రావచ్చు. డ్రైవరుదే తప్పయితే తప్పు చూడని కమిషనర్ దారే నయం.

ఇంటి నుంచి పనికి వెళ్తూ వస్తూ జరిగిన ప్రమాదం? సమయానికీ, చోటుకీ, పనికీ సంబంధం కనిపిస్తే అదీ పని ప్రమాదమేనని కోడ్‌లో రాశారు. మహారాష్ట్రలో తెల్లవారుజామున డ్యూటీకి వెళ్తూ చనిపోయిన చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కుటుంబానికి సుప్రీంకోర్టు 2025 జులైలో ఇదే తీరున న్యాయం చేసింది. ప్రమాదం జరిగింది 2003లో. ఇరవై రెండేళ్లు.

లాయరు ఫీజు కోసం అప్పు చేయకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోన్ 15100. వచ్చిన దాంట్లో మూడోవంతు ఇమ్మనే దళారులు ఆఫీసు గేటు దగ్గరే ఉంటారు, వాళ్ల దగ్గర ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో (విదేశాల్లో పనికి వెళ్లేముందు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. వెళ్లేముందే ఆ పాలసీ కాగితం ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. పాలసీ ఉన్న సంగతే తెలియక అడగని కుటుంబాలను చూశాను.

విచారణ, ఆ తర్వాత

మూడు నెలల్లో తేల్చాలని పాత చట్టంలోనే ఉంది. ఆచరణలో వాయిదాలు పడతాయి. ప్రతి వాయిదాకు వెళ్లండి. మీరు రాకపోతే కేసు కొట్టేస్తారు. యజమాని నెలలోగా చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఎగ్గొడితే పరిహారంలో 50 శాతం దాకా అదనంగా వేయవచ్చు. దరఖాస్తులో ఈ రెండూ అడగాలి. మర్చిపోతే ఇచ్చేవాళ్లు ఇవ్వకపోవచ్చు.

ఆర్డరు మీద యజమాని హైకోర్టుకు వెళ్లాలంటే ముందు ఆ డబ్బంతా కమిషనర్ దగ్గర జమ చేయాలి. ఆర్డరు వచ్చినా కట్టకపోతే భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయించమని అర్జీ పెట్టండి. చిన్నపిల్లల వాటా సాధారణంగా బ్యాంకులో డిపాజిట్ చేయిస్తారు, దానికి తొందరపడకండి. పెద్దవాళ్ల డబ్బు పడే ఖాతా దెబ్బ తగిలిన మనిషి పేరు మీదో, భార్య పేరు మీదో ఉండేలా చూడండి. అన్నదమ్ముల పేరు మీద వద్దు.

మా అన్నయ్యకు ఆర్డరు 2019లో వచ్చింది. 1,76,803, దాని మీద వడ్డీ. ఇచ్చిన 20,000 అందులోంచి తగ్గించలేదు. రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు పెన్ను పట్టుకోవడం కష్టమైతే గుమాస్తా వేలిముద్ర ప్యాడ్ ముందుకు జరిపాడు. అన్నయ్య వద్దన్నాడు. ఎడమ చేత్తో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పూర్తి పేరు రాశాడు.